చివరి విస్తరి

పెళ్ళిలో చివరి పంక్తిలో, అందులోనూ చివరి విస్తరి ముందు కూర్చున్న అనుభవం మీకెప్పుడైనా అయిందా అండీ? నాకయింది. మా పెద్దమ్మ కూతురి పెళ్ళిలో. గుమ్మడికాయ పులుసు ఘుమఘుమలు అంత దూరం నుంచీ వస్తూనే ఉన్నాయి. తీరా బకెట్ నా దాకా వచ్చేసరికి గరిటె అడుగుని గీకుతోంది. "ఇప్పుడే తెస్తానమ్మా" అని లోపలికి వెళ్ళిన మనిషి, నేను పెరుగన్నం కలుపుకుని రెండు ముద్దలు తిన్నాక ప్రత్యక్షమయ్యాడు. "పులుసమ్మా, పులుసు!" అంటూ.

మీరే చెప్పండి. పులుసు నాకు వచ్చినట్టా, రానట్టా?

ఈ ప్రశ్నకి జవాబు నాకు పెళ్ళి పందిట్లో దొరకలేదు. చాలా ఏళ్ళ తరవాత పాడేరు కొండల మీద, ఒక కంప్యూటర్ల గదిలో దొరికింది. తెలుగు టీచరుకి కంప్యూటర్లతో ఏం పని అని మీరడుగుతారు. మా వారూ అదే అడిగారు.

మా వారి ఉద్యోగం ధర్మమా అని మేము పాడేరు వచ్చి చాలా కాలమైంది. అప్పట్లో "అయ్యో, ఏజన్సీకా!" అని సానుభూతి చూపించిన చుట్టాలే ఇప్పుడు వంజంగి మబ్బులు చూడాలంటూ పక్కలతో సహా దిగుతున్నారు. 2022 ఏప్రిల్ 4న పాడేరు జిల్లా కేంద్రం కూడా అయింది. అయినా విశాఖపట్నం నుంచి రావాలంటే చోడవరం, మాడుగుల దాటి ఆ ఘాటీ మలుపులన్నీ తిరగాల్సిందే. వానాకాలంలో కొండచరియ జారిందంటే బస్సూ రాదు, కరెంటూ రాదు, ఇంటర్నెట్టూ రాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కాఫీ తోటలకి నీడనిచ్చే చెట్లు ఎన్ని కూలాయో చూసినవాళ్ళకి, తీగల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అంచేత మా బడిలో ఒక ఏర్పాటు చేశారు. నేను పనిచేసేది ఆడపిల్లల హాస్టలు బడి. ఆఫీసు గదిలో ఒక పెద్ద కంప్యూటరు ఉంటుంది. పాఠాలూ, వీడియోలూ అన్నీ దాంట్లో నింపి ఉంచుతారు. ఆట స్థలానికి ఆ చివర పాత భవనంలో 24 చిన్న కంప్యూటర్లు. ఇక్కడి నుంచి అక్కడికి ఒక తీగ. పిల్ల అక్కడ నొక్కితే పాఠం ఇక్కడి నుంచి వెళుతుంది. ఘాటీతో నిమిత్తం లేదు, ఇంటర్నెట్టుతో నిమిత్తం లేదు. ఊరి కుళాయి రాకపోయినా పెరట్లో నుయ్యి ఉన్నట్టన్నమాట. లోకల్ ఏరియా నెట్‌వర్క్ అంటారుట. నేను మాత్రం పెరటి నుయ్యి అనే అంటాను.

ఆ నూతిలో మన తెలుగు పాఠాలు కూడా ఉండాలని నాకు బుద్ధి పుట్టింది. 2023 సంక్రాంతి సెలవులకి ఇళ్ళకి వెళుతున్న ఎనిమిదో తరగతి పిల్లలకి ఒక పని అప్పజెప్పాను. "మీ ఇంట్లో అవ్వో తాతో చెప్పే కథ ఒకటి ఫోనులో పట్టుకురండి. వాళ్ళు ఏ భాషలో చెబితే ఆ భాషలోనే" అన్నాను. మా పిల్లల్లో కొందరి ఇంటి భాష కువి, కొందరిది ఆదివాసీ ఒడియా. బడికొచ్చాక తెలుగు నేర్చుకుంటారు. ఇంటిమాట నోట్లోనే దాచుకుంటారు. అన్నల ఫోన్లూ, బాబాయిల ఫోన్లూ అడిగి తెచ్చుకుని పిల్లలు భలే కథలు పట్టుకొచ్చారు. ఒక అవ్వ చోళ్ళు విసురుతూ చెప్పింది. ఒక తాత పొలంలో వలిసె పువ్వుల మధ్య నుంచుని చెప్పాడు.

చివరి బల్ల దగ్గర కూర్చునే పిల్ల ఒకతె ఉంది. పేరు చెప్పను, సిగ్గుపడుతుంది. వాళ్ళ అవ్వ పులినీ కుందేలునీ గురించి చెప్పిన కథ తెచ్చింది. పులిలా గాండ్రించడంలో ఆ ముసలావిడని మించినవాళ్ళు లేరు. ఒక్క పన్ను లేని నోటితో ఎలా వచ్చేదో ఆ గాండ్రింపు! ఆ వేసవిలో ఆవిడ పోయింది. జూన్‌లో బడికి వచ్చిన రోజున పిల్ల నా దగ్గరికొచ్చి ఒకే ఒక్క మాట అడిగింది. "టీచర్, అవ్వ మాట ఆ కంప్యూటర్లో ఉంది కదా?"

"ఎక్కడికి పోతుందే, భద్రంగా ఉంది" అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా అనేశానో తలుచుకుంటే ఇప్పటికీ నాలిక కరుచుకుంటాను.

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం. మా పాడేరులో పెద్ద సందడి. ఆ రోజు బడికి తల్లిదండ్రులని పిలిచాం. 24 కంప్యూటర్ల ముందూ పిల్లలు చెవులకి పెట్టుకునేవి తగిలించుకుని కూర్చున్నారు. వెనకాల అమ్మలూ నాన్నలూ. నేను కొత్త పట్టుచీర కట్టుకుని, అవధానానికి కూర్చున్నట్టు గొంతు సవరించుకుని, "ఊ, నొక్కండి" అన్నాను.

ముందు బల్లలవాళ్ళకి ఒక్క నిమిషం బాగానే వచ్చింది. తరవాత మొదలైంది నత్తి. పులి "గాం" అని ఆగింది. మళ్ళీ "గాం" అంది. ఆ మిగిలిన "డ్" ఎప్పటికీ రాలేదు. చివరి బల్ల దగ్గర వినడానికి వంగిన పక్క పిల్లలు కిసుక్కున నవ్వారు. "అవ్వకి నత్తొచ్చింది" అని ఒకతె అంది. ఆ పిల్ల ఏమీ అనలేదు. చెవులకున్నది తీసి, తీగ చక్కగా చుట్టి, బల్ల మీద పెట్టేసింది. వెనకాల నుంచున్న తల్లి తల వంచుకుంది.

నేనేం చేశానో తెలుసాండీ? నా పరువు కాపాడుకోవడానికి, "ఎప్పుడూ వెనకాలే కూర్చుంటావేమే, ముందుకొచ్చి కూర్చోరాదూ" అని ఆ పిల్లనే కసిరాను.

ఆ పిల్ల నా మొహంకేసి చూసి నెమ్మదిగా అంది. "నేను ముందుకొస్తే చివర ఇంకొకరుంటారు కదా, టీచర్."

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. "కంప్యూటరన్నాక ఆగుతుంది, దానికింత బాధ ఎందుకు?" అన్నారు మా వారు. నిజమే. కానీ ఆ అవ్వ బతికుండగా ఒక్క మాట తడబడలేదే! చచ్చిపోయాక నా మూలాన నత్తిదని అనిపించుకుంది.

దసరా సెలవులకి మా ఆడపడుచు కొడుకు వచ్చాడు. విశాఖపట్నంలో ఏదో కంప్యూటర్ల ఉద్యోగం. మాడుగుల హల్వా పొట్లం చేతిలో పెట్టి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, "దణ్ణం తరవాత పెడుదువుగాని, ముందు బడికి పద" అన్నాను. వాచ్‌మన్ చేత గది తెరిపించాను.

వాడు గదంతా పరికించి, మూల గోడకున్న ఒక పెట్టెని చూసి పకపకా నవ్వాడు. "అత్తయ్యా, ఇది హబ్బు! మ్యూజియంలో ఉండాల్సింది ఇక్కడుందేమిటి? దీని బదులు స్విచ్ పెట్టాలి."

"స్విచ్ లేకపోవడమేమిట్రా, అదిగో గుమ్మం పక్కన నాలుగున్నాయి" అన్నాను.

వాడు నెత్తి కొట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు. అప్పుడు చెప్పాడు అసలు సంగతి.

హవాయి దీవులున్నాయి కదా, అక్కడి విశ్వవిద్యాలయంవాళ్ళు 1971లో దీవుల మధ్య కంప్యూటర్లని రేడియోతో కలిపారుట. అందరికీ ఒకటే దారి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ చెడతాయి. అప్పుడు ఇద్దరూ ఊరుకుని, ఎవరికి తోచినంత సేపు వాళ్ళు ఆగి, మళ్ళీ చెప్పాలి. అమెరికాలో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్ అనే ఆయన ఆ పద్ధతినే 1973లో తీగ మీదికి తెచ్చి, మాట్లాడే ముందు ఇంకెవరైనా మాట్లాడుతున్నారేమో విని మరీ మొదలుపెట్టాలన్నాడు. దానికి ఈథర్‌నెట్ అని పేరు పెట్టాడు.

"ఓస్, ఇంతేనా! వరలక్ష్మీవ్రతం పేరంటం" అన్నాను. నలుగురు కూర్చుంటే ఒకరి తరవాత ఒకరు చక్కగా మాట్లాడుకుంటాం. ఇద్దరం ఒకేసారి నోరు తెరిస్తే, "మీరు చెప్పండి" అంటే "అబ్బే, మీరే చెప్పండి" అనుకుని ఆగుతాం. అదే ఇరవై నలుగురు చేరితే? ఆగడమూ, మొదలెట్టడమూ తప్ప మాట ఒక్కటీ ముందుకెళ్ళదు.

"అదేనత్తయ్యా హబ్బు. ఎవరికొచ్చిన మాటయినా అందరి చెవిలోనూ అరుస్తుంది. పైగా దారి ఇరుకు" అని వాడు లెక్క వేసి చూపించాడు. ఆ పెట్టె మొత్తం మోయగలిగింది సెకనుకి 10 మెగాబిట్లు. మా వీడియో ఒక్కొక్కటీ సెకనుకి ఒకటిన్నర తాగుతుంది. ఆరుగురు చూస్తే తొమ్మిది. అక్కడికి నిండిపోయింది. ఇరవై నలుగురికి 36 కావాలి. ముందు నొక్కినవాళ్ళు కాస్త నింపుకుంటారు, చివరివాళ్ళకి అడుగంటిన బకెట్టే. స్విచ్ అలా కాదుట. తపాలా బంట్రోతులాగా ఎవరి ఉత్తరం వాళ్ళ గుమ్మంలోనే వేస్తుంది. ఒకరి మాట ఇంకొకరికి అడ్డం రాదు. చవకరకంది కూడా సెకనుకి 100 మోస్తుంది. 36 దానికో లెక్కా?

అంతటితో అయిందా? తీగ పట్టుకుని ఆఫీసు గది వైపు నడిచాడు. అడుగులు లెక్కపెడుతూ వెళ్ళి, "నూట నలభై మీటర్లుంది. ఈ రకం తీగ 100 మీటర్లకి మించి లాగకూడదు" అన్నాడు. దారిలో చివరి బల్లకి వెళ్ళే తీగ ఒకటి మధ్యలో తెగితే ఎవరో విప్పి, ముడేసి, నల్లటేపు చుట్టారు. దాన్ని చూసి మాత్రం వాడికి నిజంగానే కోపం వచ్చింది. ఆ తీగ లోపల ఎనిమిది సన్నతీగలు జంటజంటలుగా మెలితిరిగి ఉంటాయి. మెలిక అందానికి కాదు. పక్కనున్న కరెంటు తీగ గోల రెండింటి మీదా సమానంగా పడి దానంతటది కొట్టుకుపోవడానికి. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ 1881లోనే ఈ కిటుకు చెప్పాడుట. జడ విప్పేసి కొసలు ముడేస్తే జడవుతుందా? చిక్కవుతుంది. ఆ చిక్కులోనే ఇరుక్కుపోయింది అవ్వ గాండ్రింపు.

నాకో సంగతి తట్టి వొళ్ళు మండింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా వాళ్ళ ఉపగ్రహం ఒకటి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి మన ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2400 గ్రామాలకి టీవీ పాఠాలు దింపింది. సైట్ అని పేరు. మా నాన్నగారు ఎంతో ఇదిగా చెప్పేవారు. అంతెత్తు నుంచి బొమ్మ దిగింది కానీ, మా బడిలో ఆట స్థలం దాటలేకపోయింది!

"ఆకాశం నుంచి ఒక్కటే పంపితే అందరూ అదే పట్టుకున్నారు అత్తయ్యా. ఇక్కడ ఎవరికి వాళ్ళే వేరే వేరే అడుగుతున్నారు. పైగా వస్తే చాలదు, వేళకి రావాలి" అని, కాఫీ తాగుతూ వాడొక కథ చెప్పాడు. కాఫీ తోటల మధ్య ఉండేదాన్ని కదా, చెవులు రిక్కించి విన్నాను.

ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ల విభాగం ఉంది. అక్కడ అందరికీ కలిపి ఒకటే కాఫీ పాత్ర. మేడ దిగో మెట్లెక్కో వచ్చి చూస్తే ఖాళీ! అంచేత 1991లో ఆ పాత్రకి ఎదురుగా ఒక కెమెరా పెట్టి, బొమ్మని తమ లోపలి తీగల మీద ఎవరి బల్ల దగ్గరికి వాళ్ళకి పంపుకున్నారు. ఇంట్లో ఆడది లేకపోతే మగవాళ్ళకి ఎంత తెలివి పుట్టుకొస్తుందో చూశారా! 1993లో దాన్ని ప్రపంచమంతా చూసే ఏర్పాటూ చేశారు. 2001 ఆగస్టులో ఆపేశాక ఆ పాడైన పాత్రని వేలం వేస్తే 3350 పౌండ్లకి పోయిందిట.

"ఆ బొమ్మ నిమిషానికి మూడుసార్లే మారేది. ఒకటి ఆలస్యమైనా కాఫీకేమీ నష్టం లేదు. కానీ మాట అలా కాదు. కన్ను సరిపెట్టుకుంటుంది, చెవి సరిపెట్టుకోదు" అన్నాడు వాడు. మాటని చిన్నచిన్న ముక్కలు చేసి పంపుతారుట, సెకనులో యాభయ్యో వంతు చొప్పున. ప్రతి ముక్కకీ ఒక వరస సంఖ్యా, ఎప్పుడు వినిపించాలో ఆ వేళా రాసి పంపే కట్టుబాటు 1996లో వచ్చింది. ముక్క దారిలో పోతే మళ్ళీ తెప్పించుకోవచ్చు. కానీ దాని వేళ దాటాక వచ్చినదాన్ని పారెయ్యడమే.

నేను కప్పు కింద పెట్టేశాను. పెరుగన్నంలోకి వచ్చిన పులుసు! ఇన్నాళ్ళకి నా ప్రశ్నకి జవాబు దొరికింది. పులుసు వచ్చింది, కానీ రానట్టే. వడ్డనంటే విస్తట్లో పడెయ్యడం కాదు, తినే వేళకి పడటం.

ఇక పని మొదలుపెట్టాం. హెడ్‌మిస్ట్రెస్‌గారికి చెబితే, "డబ్బులెక్కడివండీ" అన్నారు. స్విచ్‌లు రెండూ కలిపి మా మిక్సీ ఖరీదు కూడా కాలేదు. టీచర్లం తలాకాస్తా వేసుకున్నాం. మా వారు అడగకుండానే ఐదొందలు తీసిచ్చారు, అదీ రికార్డే. తీగ మధ్యలో, వంటశాల వరండాలో ఒక చిన్న స్విచ్ పెట్టి, దూరాన్ని రెండుగా విడగొట్టారు. వంటావిడ, "మీ డబ్బా మీద ఆవిరి కొట్టకుండా నేను చూసుకుంటాలెండి" అని భరోసా ఇచ్చింది. హబ్బు స్థానంలో కొత్త స్విచ్ వచ్చింది. నల్లటేపు తీగ తీసేసి కొత్త తీగ లాగాం.

ఇంకో మూడు పనులు చేశాడు మావాడు. బొమ్మల సైజు కాస్త తగ్గించాడు, మాటని మాత్రం ముట్టుకోలేదు. బరువెక్కువైతే నగలు తగ్గించుకుంటాం కానీ మెళ్ళో తాళి తియ్యం కదా, అలా. నొక్కగానే మొదలవ్వకుండా, కొన్ని సెకన్ల సరుకు ముందు నింపుకునేట్టు చేశాడు. కుళాయి ఆగి ఆగి వచ్చినా, డాబా మీద ట్యాంకు నిండి ఉంటే బాత్రూములో ధార తెగనట్టు. మూడోది, అందరూ ఒకే పాఠం ఒకేసారి చూడాల్సినప్పుడు ఇరవై నాలుగు సార్లు విడివిడిగా పంపకుండా ఒక్క ధార వదిలితే, స్విచ్ దాన్ని అందరికీ పంచుతుంది. స్టీవ్ డీరింగ్ అనే ఆయన ఆలోచన, 1989 నాటికి కట్టుబాటుగా రాశారు. ఒక్కొక్కరూ వంటింట్లోకి వెళ్ళి అన్నం అడగడం మాని, పంక్తి వేసి వడ్డించడమన్నమాట.

"తీగల్లేకుండా వైఫైతో ఈ పని చెయ్యరాదూ?" అన్నాను, నాకూ తెలుసునన్నట్టు.

"పంక్తి వడ్డన గాలిలో కుదరదత్తయ్యా. ముక్క అందిందో లేదో ఎవరూ తిరిగి చెప్పరు. పోయింది పోయినట్టే. గట్టిగా తీగే నయం" అన్నాడు. అప్పుడప్పుడు పాతకాలపు తాడే మేలని నేనెప్పుడూ అనే మాటకి ఇన్నాళ్ళకి ఒక ఇంజనీరు సాక్ష్యం దొరికింది.

సెలవులయ్యాక ఒక ఆదివారం ఆ పిల్ల తల్లి కూతుర్ని చూడటానికి వచ్చింది. గోనె సంచిలో చోళ్ళు, నాలుగు పసుపుకొమ్ములు నాకోసం. ఇద్దర్నీ గదిలోకి తీసుకెళ్ళాను. మిగతా ఇరవై మూడు కంప్యూటర్ల ముందూ పిల్లల్ని కూర్చోబెట్టి అందరి చేతా ముందు నొక్కించాను. ఒక్క కంప్యూటరు మీద బాగా వచ్చిందంటే అది పరీక్ష కాదు. అందరూ తింటుండగా చివరి విస్తరికి చేరాలి. ఆఖర్న ఆ పిల్ల నొక్కింది.

ఒక గుండ్రం కాసేపు తిరిగింది. నా గుండె దానితో పాటే తిరిగింది. తరవాత అవ్వ కనిపించింది. బొమ్మ కాస్త చిన్నది. కానీ మాట! ఆ పిల్ల చెవికున్న రెండింటిలో ఒకటి తీసి తల్లి చెవికి ఆనించింది. తలలు రెండూ ఆనించుకుని వింటున్నారు. నాకేమీ వినిపించడం లేదు, వాళ్ళ మొహాలే చూస్తున్నాను. ఉన్నట్టుండి ఇద్దరూ ఒక్కసారే ఉలిక్కిపడి నవ్వారు. పులి పూర్తిగా గాండ్రించిందన్నమాట. నవ్వుతూనే తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కిందటిసారి నవ్విన పిల్లలు కూడా వచ్చి, "మాకూ, మాకూ" అని ఎగబడ్డారు.

ఆ పిల్లకి క్షమాపణ చెప్పాలనుకున్నాను. టీచరు నోటికి ఆ మాట అంత తొందరగా రాదు. "ఇప్పుడు చివర కూర్చున్నా ఫరవాలేదే" అన్నాను. అర్థమైందో ఏమో, పసుపుకొమ్ములు నా చేతిలో పెట్టి నవ్వింది.

తరవాతి వేసవిలో అనకాపల్లిలో మావాళ్ళింట పెళ్ళికి వెళ్ళాం. భోజనాల వేళ కొంగు బిగించి పంక్తికి ఆ కొసన నుంచున్నాను. పులుసు బకెట్ పట్టుకొచ్చిన కుర్రాణ్ణి చెయ్యి పట్టుకుని ఆపి, "బాబూ, ఈసారి వడ్డన ఇటు నుంచి మొదలుపెట్టు" అన్నాను. ముందు కూర్చున్న మా వారు పులుసు కోసం ఎదురుచూస్తూ నాకేసి గుర్రుగా చూశారు.

ఏం ఫరవాలేదు. పెరుగు వచ్చేలోపు ఆయనకీ అందింది.